మేనమామ సైకిలు, తిమ్మిరెక్కే చిటికెన వేలు

ప్రశ్న: నమస్కారం అన్నా. నాకు 54 ఏళ్లు. కడపలో ఉంటాను. హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. మా మేనమామ బర్మింగ్‌హామ్‌లో చాలాకాలం పనిచేసి, 1980ల్లో తిరిగొచ్చేటప్పుడు డాస్ గెలాక్సీ అనే టూరింగ్ సైకిలు వెంట తెచ్చుకున్నాడు. ఆయన పోయాక అత్త దాన్ని నాకిచ్చింది. ఓవరాయిలింగ్ చేయించి ఆరు నెలలుగా తొక్కుతున్నాను. పొద్దున్నే చెన్నూరు దగ్గర పెన్న వంతెన దాకా పోయి వస్తాను. బండి చాలా తేలిగ్గా పోతుంది. కానీ పది కిలోమీటర్లు దాటేసరికి రెండు చేతుల్లోనూ చిటికెన వేలు, దాని పక్క వేలు తిమ్మిరెక్కుతాయి. మెడ వెనక పట్టేస్తుంది. హ్యాండిల్ పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉంటుంది, సీటు కంటే నాలుగు వేళ్లు కిందికి ఉంది. మామ నాకంటే బెత్తెడు పొడుగు. మెకానిక్కేమో "ఇది పీకేసి గేర్ల సైకిలు హ్యాండిల్ వేద్దాం సార్, గంట పని" అంటున్నాడు. మా ఆవిడ మామూలు సైకిలు హ్యాండిల్ వేయించుకోమంటోంది. మామ వస్తువును పాడుచేయడానికి మనసు రావడం లేదు. ఈ చలికాలంలో గండికోట దాకా తొక్కాలని కోరిక. ఏ హ్యాండిల్ వేసుకోమంటారు?
— ఒక పాఠకుడు, కడప

జవాబు: సార్, మీరు హ్యాండిల్ గురించి అడిగారు. నేను మీ వేళ్ల దగ్గర మొదలుపెడతాను. చిటికెన వేలు, ఉంగరపు వేలు, సరిగ్గా ఆ రెండే అని రాశారు. దాంతో సగం సంగతి తెలిసిపోయింది. మోచేతి ఎముకకు ఏదైనా తగిలితే షాక్ కొట్టినట్టు చెయ్యంతా జిల్లుమంటుంది కదా, అక్కడ తగిలేది అల్నార్ నరం. అదే నరం ముంజేతి మీదుగా దిగి, మణికట్టు పక్కన, అరచేతి అడుగుభాగంలో చిటికెన వేలి వైపున్న చిన్న సందులోంచి వేళ్లకు పోతుంది. అక్కడ దానికి అడ్డంగా కండ పెద్దగా ఉండదు. మీరు హ్యాండిల్ మీద వాలినప్పుడు బరువు నేరుగా ఆ సందు మీద పడుతోంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి ఉంటే అది వేరే నరం, మణికట్టు వంకరగా ఉండటం వల్ల వచ్చే బాధ. దానికి వేరే జవాబు రాసేవాణ్ణి.

ముందు ఒక జాగ్రత్త. సైకిలు దిగిన అరగంటలో తిమ్మిరి పోతుంటే భయపడాల్సింది లేదు. మర్నాటికి కూడా ఉన్నా, చొక్కా గుండీ పెట్టుకోవడం, చాక్‌పీసు పట్టుకోవడం కష్టమైనా సైకిలు ఆపేసి నరాల డాక్టరుకు చూపించండి. ఆ నరాన్ని నెలల తరబడి నలగనిస్తే చేతి కండలు బలహీనపడతాయి. ఎలాగూ మన వయసుకు షుగరు పరీక్ష చేయించుకోవాల్సిందే, పనిలో పనిగా అదీ చేయించండి. షుగరు ఉన్నవాళ్ల నరాలు చిన్న ఒత్తిడికే లొంగిపోతాయి.

ఇక సైకిలు సంగతి. మెకానిక్కు చెప్పిందీ, మీ ఆవిడ చెప్పిందీ హ్యాండిల్ ఆకారం గురించే. ముప్ఫై ఏళ్లుగా పాత సైకిళ్లతో ఉన్న నాకు అనుభవం మీద తేలిందేమంటే, చేతులకు సుఖమిచ్చేది ముందుగా హ్యాండిల్ ఉన్న చోటు, అంటే ఎంత ఎత్తులో, ఎంత దూరంలో ఉందన్నది. ఆకారం దాని తర్వాత. చోటు తప్పుగా ఉంటే ప్రపంచంలో ఏ హ్యాండిల్ తెచ్చి బిగించినా నెల తిరిగేసరికి మళ్లీ అదే తిమ్మిరి. మీది మీకంటే బెత్తెడు పొడుగున్న మనిషికి అమర్చిన సైకిలు. ఆయన చేతులు పొడుగు, నడుం పొడుగు, పైగా అప్పటికి ఆయన వయసు తక్కువ. ఆ అమరికలో మీరు కూర్చుంటున్నారు.

అందుకే మొదట సీటు చూడండి. చేతుల నొప్పికి సీటేమిటి అనకండి, చేతుల మీద ఎంత బరువు పడాలో నిర్ణయించేది అదే. సీటు మీద ఒక అట్ట పుస్తకం పెట్టి, దాని మీద మేస్త్రీల రసమట్టం పెట్టండి. సీటు ముక్కు కిందికి వాలి ఉంటే మీరు క్షణక్షణం ముందుకు జారుతుంటారు, ఆ జారుడును ఆపేది మీ అరచేతులు. మట్టంగా పెట్టండి, లేదా ముక్కు వెంట్రుకవాసి పైకి. తర్వాత ఎత్తు. మడమను పెడల్ మీద పెట్టి కింది దాకా తిప్పితే కాలు నిటారుగా రావాలి, తుంటి ఊగకూడదు. ఆఖరున ముందువెనకలు. ఖాళీగా ఉన్న రోడ్డు మీద ఒక మాదిరి వేగంతో తొక్కుతూ, నడుం ఉన్న వంపులోనే ఉంచి చేతులు హ్యాండిల్ మీంచి రెండంగుళాలు పైకెత్తి చూడండి. వెంటనే ముందుకు పడిపోయేలా ఉంటే బరువంతా చేతుల మీదే ఉన్నట్టు. సీటు కింద క్లాంపు వదులు చేసి ఒక సెంటీమీటరు వెనక్కి జరిపి మళ్లీ చూడండి. సీటు వెనక్కి పోతే హ్యాండిల్ ఇంకా దూరమవుతుంది కదా అని మీకు అనుమానం వస్తుంది. నిజమే, అవుతుంది. అయినా గరిమనాభి పెడళ్లకు వెనక్కి పోతుంది కాబట్టి చేతులు తేలికపడతాయి. పెరిగిన దూరాన్ని తర్వాత హ్యాండిల్ వైపు నుంచి తగ్గించుకుందాం.

ఇప్పుడు హ్యాండిల్ ఎత్తు. మీ సైకిల్లో హ్యాండిల్‌ను పట్టుకుని ఫోర్కు గొట్టంలోకి దిగి ఉన్న వంపు కడ్డీని స్టెమ్ అంటారు. దాని నెత్తి మీద బోల్టు ఉంటుంది. దాన్ని నాలుగు చుట్లు మాత్రమే వదులు చేయండి, పూర్తిగా తీయొద్దు. బోల్టు మీద చెక్కముక్క పెట్టి సుత్తితో ఒక్కటి కొడితే లోపల బిగుసుకున్న ఆప్పు, అంటే చీల లాంటి ముక్క, కిందికి జారుతుంది. ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుని హ్యాండిల్‌ను అటూ ఇటూ తిప్పుతూ పైకి లాగండి. నలభై ఏళ్లుగా కదలని స్టెమ్ అయితే ఒక్క దెబ్బకు రాదు. అల్యూమినియం స్టెమ్ ఇనుప గొట్టంలో తుప్పుతో అతుక్కుపోయి ఉంటుంది. తుప్పు వదిలించే ఆయిల్ పోసి రెండు రోజులు వదిలేయండి, బలవంతం చేస్తే ఫోర్కు మెలితిరుగుతుంది. వచ్చాక శుభ్రంగా తుడిచి, గ్రీజు పూసి దించండి.

ఎంత పైకి లాగవచ్చు అన్నదానికి హద్దుంది. స్టెమ్ మీద అడ్డంగా గీతలు చెక్కి ఉంటాయి. ఆ గీతలు ఎప్పుడూ బయటికి కనబడకూడదు. గీతలు లేకపోతే కనీసం రెండున్నర అంగుళాలు, అంటే 65 మి.మీ. లోపలే ఉండాలి. ఈ విషయంలో "ఇంకొంచెం పర్లేదు" అనే మెకానిక్కు మాట వినకండి. స్టెమ్ ఊడినా విరిగినా మనిషి మొహం మీద పడతాడు. పైకి లాగేటప్పుడు ముందు బ్రేకు వైరు బిగుసుకుని బ్రేకు పట్టేస్తుందేమో కూడా చూడండి. పాత బ్రేకుల్లో అలా జరుగుతుంది, వైరు కొంచెం పొడుగుది వేస్తే సరి.

నాలుగు వేళ్లంటే దాదాపు ఏడు సెంటీమీటర్లు. మామ పెట్టిన స్టెమ్ అంత పైకి రాకపోవచ్చు, మూడు నాలుగు సెంటీమీటర్లు వస్తే అదృష్టం. అది చాలకపోతే కాడ పొడుగున్న స్టెమ్ తెప్పించుకోవాలి. జపాన్ కంపెనీ నిట్టో చేసే టెక్నోమిక్ స్టెమ్ ఇలాంటి అవసరానికే. ఫోర్కులో ఒక మోస్తరు లోతుకు దిగి కూడా హ్యాండిల్‌ను సీటు మట్టానికి తెస్తుంది. కొనేటప్పుడే ముందుకు చాచిన పొడవు తక్కువున్నది చూసుకోండి. మీ పాతది 100 మి.మీ. ఉంటే 70 లేదా 80 తీసుకోండి. సీటు వెనక్కి జరిపినప్పుడు పెరిగిన దూరం ఇక్కడ తగ్గిపోతుంది. మీ మెడకు కూడా మందు ఇదే. మెడ పట్టేసేది వంగినందుకు కాదు, వంగి ఉండి రోడ్డు చూడటానికి తల పైకెత్తి పట్టుకున్నందుకు. హ్యాండిల్ సీటుతో సమంగా వస్తే తల అంత ఎత్తాల్సిన పని ఉండదు.

తెప్పించుకోవడం ఆలస్యమైతే ఇంకో దారి ఉంది. పాత ఫోర్కు గొట్టంలో దిగి, పైన కొత్త రకం స్టెమ్ బిగించుకునే అడాప్టరు దొరుకుతుంది. అది వేస్తే ఇప్పటి గేర్ల సైకిళ్ల స్టెమ్‌లు ఏవైనా పడతాయి, ముందు మూత విప్పి హ్యాండిల్ మార్చి చూసుకోవచ్చు. చూపుకు మాత్రం బాగుండదు, సన్నటి పాత ఫ్రేము మీద ఆ లావు స్టెమ్ పెద్ద వెదురు బొంగులా నిలబడుతుంది. నేనైతే కొలతలు తేల్చుకోవడానికి రెండు నెలలు వాడి, తర్వాత అసలైనది తెప్పించుకుంటాను.

హ్యాండిల్ మీద మీ చేతులు ఎక్కడ ఉంటున్నాయో రాయలేదు. చాలామంది బ్రేకు లీవర్ల నెత్తి మీద చేతులు పెట్టి తొక్కుతారు. మీదీ అదే అయితే లీవర్ల మీది రబ్బరు తొడుగులు చూడండి. నలభై ఏళ్ల రబ్బరు, అందులోనూ కడప ఎండకు, చెక్కలా గట్టిపడి పగిలి ఉంటుంది. కొన్నిటికి అసలు తొడుగే ఉండదు, అరచెయ్యి నేరుగా లోహం అంచు మీద ఆనుతుంది. సరిగ్గా ఆ నరం ఉన్న చోట. ఆ కాలపు లీవర్లు చిన్నవి కూడా, వాటిని చేతులు పెట్టుకోవడానికి చేయలేదు. టెక్ట్రో కంపెనీ ఆర్‌ఎల్ 340 లాంటి ఇప్పటి లీవర్లకు నెత్తి వెడల్పుగా, మెత్తటి రబ్బరుతో ఉంటుంది. అవి మీ పాత బ్రేకులతో కలుస్తాయి. దాని అన్నలాంటిది 520 ఒకటుంది, అది వేరే రకం బ్రేకులకు, పొరపాటున తీసుకోకండి. ఒక్క లీవర్లు మారిస్తేనే తిమ్మిరి పోయినవాళ్లను నేను చూశాను.

లీవర్లను కొంచెం పైకి జరపడం, హ్యాండిల్‌ను కాస్త పైకి తిప్పడం కూడా చేసి చూడండి. పైభాగం నుంచి లీవర్ దాకా ఏటవాలుగా జారుడుబల్లలా ఉంటే చెయ్యి ముందుకు జారుతూ ఉంటుంది. అది మట్టంగా ఉంటే చెయ్యి తనంతట తాను నిలబడుతుంది. దీనికి ఖర్చు ఏమీ లేదు, చుట్టిన టేపు విప్పి మళ్లీ చుట్టుకోవాలి అంతే.

టేపు విప్పినప్పుడు మాత్రం హ్యాండిల్‌ను పగటి వెలుతురులో పట్టి చూడండి. ఇది నేను బతిమాలి చెబుతున్నాను. అల్యూమినియం హ్యాండిల్‌కు వయసు ఉంటుంది. ఏళ్ల తరబడి వంగుతూ లేస్తూ ఉన్న లోహం ఒక రోజు హెచ్చరిక లేకుండా విరుగుతుంది. స్టెమ్ పట్టుకున్న చోటికి రెండు వైపులా, లీవర్లు బిగించిన చోట వేలి గోటితో గీకి చూడండి. గోరు తగులుకునే గీత ఏదైనా ఉంటే, చెమటకు తెల్లటి పొడిలా పొంగి గుంటలు పడి ఉంటే ఆ హ్యాండిల్ పని అయిపోయింది. గోడకు తగిలించుకోండి, దాని మీద బరువు మాత్రం వేయకండి.

బాగుంటే మళ్లీ చుట్టుకోవచ్చు. పంక్చరు షాపులో పాత సైకిలు ట్యూబు అడిగి, నిలువుగా చీల్చి, చేతులు ఆనే చోట్ల ఒక పొర చుట్టి, దాని మీద టేపు చుట్టండి. మన ఎండకు చెమట పీల్చే నూలు టేపే హాయి. ముందు టైరులో గాలి వెనకదాని కంటే కొంచెం తక్కువ పెట్టండి, రాయిలా కొట్టించవద్దు. తొక్కేటప్పుడు ప్రతి కిలోమీటరు రాయి దగ్గరా చేతులు పట్టు మార్చాలని నియమం పెట్టుకోండి. పైన, పక్కన, లీవర్ల మీద, కింద. మీ కొమ్ముల హ్యాండిల్‌కు, అంటే డ్రాప్ హ్యాండిల్‌కు ఉన్న గొప్పతనమే అది, పట్టుకోవడానికి నాలుగు చోట్లు ఇస్తుంది. మీరు ఒకే చోట పట్టుకుంటే ఆ గొప్పతనం మీకు అందనట్టే.

మెకానిక్కు చెప్పిన గేర్ల సైకిలు హ్యాండిల్ విషయంలో నా అనుభవం చెప్పాలి. 2009లో నా టూరింగ్ సైకిలుకు ఇలాగే చేతులు తిమ్మిరెక్కి, ఒక షాపులో తిన్నటి కడ్డీ హ్యాండిల్ వేయించాను. దాంతో వచ్చిన బ్రేకు లీవర్లే బిగించారు. ఊళ్లో బాగానే ఉంది. రాయచోటి వైపు పోయి తిరిగొస్తూ గువ్వలచెరువు ఘాటు దిగుతుంటే లీవరు రాయిలా గట్టిగా ఉంది, ఎంత నొక్కినా బండి ఆగడం లేదు. ఎదురుగా లారీలు ఎక్కుతున్నాయి. కాళ్లు నేలకు రాసుకుంటూ, కొండ వైపు కాలవ మట్టిలోకి చక్రం దించి ఆపాను. చేతులు వణికి పది నిమిషాలు అక్కడే కూర్చున్నాను. తప్పెక్కడుందో తర్వాత తెలిసింది. రెండు పొడుగు చేతులతో రిమ్మును పట్టే ఈ కాలపు బ్రేకును వి-బ్రేకు అంటారు, దాని లీవరు పాత బ్రేకు లీవరు కంటే దాదాపు రెట్టింపు వైరు లాగుతుంది. వైరు ఎక్కువ లాగితే బలం తక్కువవుతుంది. యాంత్రిక లాభం పాఠం మీరు పిల్లలకు చెప్పేదే. పాత బ్రేకుకు ఆ లీవరు వేస్తే మన చేతి బలంలో సగమే రిమ్ము దాకా చేరుతుంది. హ్యాండిల్ ఏది మార్చినా లీవర్లు మీ పాత బ్రేకులకు సరిపోయేవేనా అని అడగండి. మన షాపుల్లో దొరికే బ్రేకు వైరు కొసన గుండ్రటి బొడిపె ఉంటుంది, డ్రాప్ లీవర్లకు బేరిపండు ఆకారంలో సన్నటి బొడిపె కావాలి. ఒకదాన్ని అరగదీసి ఇంకోదాంట్లో ఇరికించనివ్వకండి.

తిన్నటి హ్యాండిల్‌ను నేను దూరప్రయాణానికి అసలు మెచ్చను. పట్టు ఒక్కటే. అరచేతులు నేలవైపు తిరిగి ఉంటాయి, మణికట్టు బయటికి మెలితిరుగుతుంది. ఊళ్లో సందుల్లో తిరగడానికి సరే.

మీ ఆవిడ చెప్పిన మాటలో న్యాయం ఉంది. మన మామూలు సైకిళ్ల హ్యాండిల్, ఇంగ్లండులో నార్త్ రోడ్ అనే సైకిలు క్లబ్బు పేరు మీద పిలిచే హ్యాండిల్ ఒకే కుటుంబం. మధ్యలో కొంచెం పైకి లేచి, రెండు వైపులా మన ఒంటి వైపు వెనక్కి తిరిగి వస్తుంది. ఊరికే చేతులు చాచి చూడండి, అరచేతులు ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి. ఆ పట్టులో మణికట్టుకు మెలి లేదు, ఆ నరం మీద బరువు లేదు. పాల బిందెలు కట్టుకుని రోజుకు ముప్ఫై కిలోమీటర్లు తొక్కిన మన పెద్దవాళ్లు చేతులు తిమ్మిరెక్కాయని అన్నట్టు గుర్తులేదు. కారణం, వాళ్ల బరువంతా స్ప్రింగుల సీటు మీద ఉండేది, చేతులు దారి చూపించడానికే.

అయితే మన సైకిలు షాపులో ఉన్న ఇనుప హ్యాండిల్ మీ సైకిలుకు పడదు. కడ్డీ బ్రేకుల సైకిళ్లలో చాలావాటికి హ్యాండిల్, స్టెమ్ కలిపి అతికేసి ఉంటాయి, కడ్డీలు పోవడానికి ఏర్పాట్లు కూడా దాంట్లోనే. మీకు కావాల్సింది అదే ఆకారంలో అల్యూమినియంతో చేసిన విడి హ్యాండిల్. దానికి మామూలు గ్రిప్పులు, పాత బ్రేకులకు సరిపడే లీవర్లు. బ్రేకు వైర్లు పొడుగువి వేయాలి. మీ గేరు మీటలు ఫ్రేము కింది గొట్టం మీద ఉండి ఉంటే వాటిని ముట్టుకునే పనే లేదు, అది పెద్ద సుఖం. చేతులు బాగా వెనక్కి వస్తాయి కాబట్టి ఈ హ్యాండిల్‌కు స్టెమ్ పొడుగుదే మంచిది. మామ పాత స్టెమ్ ఇక్కడ పనికొచ్చే అవకాశం ఉంది. పొట్టి స్టెమ్ వేస్తే మలుపులో మోకాలికి హ్యాండిల్ తగులుతుంది.

దాంతో పోయేవి రెండు. నిటారుగా కూర్చుంటే గుంతల దెబ్బ నడుముకు నేరుగా తగులుతుంది, సన్న సీటు పనికిరాదు, వెడల్పుది కావాలి. రెండోది గాలి. మన సీమలో ఆషాఢం గాలి సంగతి మీకు చెప్పక్కర్లేదు. అనంతపురం జిల్లాలో గుట్టల మీద గాలిమరలు నిలబెట్టింది ఆ గాలికోసమే. కడప నుంచి ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు పోతే పడమటి గాలి మొహానికే కొడుతుంది. అప్పుడు నిటారుగా కూర్చున్నవాడికి ఛాతీయే అడ్డుగోడ. వంగి కింది పట్టు పట్టుకునే వీలున్నవాడు ఆ రోజు బతికిపోతాడు. మీరు చలికాలంలో పోదామంటున్నారు కాబట్టి ఆ బాధ చాలావరకు ఉండదు.

ఇంకొన్ని రకాలున్నాయి. సీతాకోకచిలుక రెక్కల్లా తిరిగే హ్యాండిల్‌కు పట్టులు చాలా ఉంటాయి, యూరప్‌లో దూరప్రయాణీకులు ఇష్టపడతారు, మీ ఫ్రేముకు అది నప్పదని నా అభిప్రాయం. మీసం ఆకారం హ్యాండిల్ చూడటానికి ముచ్చటగా ఉంటుంది, చేతులను మాత్రం ముందుకే లాగుతుంది. మీకు వద్దు. రాండొనోర్ అనే డ్రాప్ హ్యాండిల్ ఒకటుంది, దాన్ని మాత్రం గుర్తుపెట్టుకోండి. మధ్య నుంచి పక్కలకు కొంచెం పైకి లేచి, కింది కొమ్ములు బయటికి విచ్చుకుంటాయి. పాత టూరింగ్ సైకిళ్ల కోసమే పుట్టిన వంపు అది. మామ హ్యాండిల్‌లో పగులు కనబడితే నేను వేయమనేది దీన్నే. వెడల్పు మీ భుజాల ఎముకల కొస నుంచి కొస దాకా కొలిచి తీసుకోండి. ఆ కాలంలో 38, 40 సెంటీమీటర్ల ఇరుకు హ్యాండిళ్లు వేసేవాళ్లు, చాలామందికి 42 హాయిగా ఉంటుంది.

ఏదైనా కొనేముందు మీ బడి ల్యాబులోంచి వెర్నియర్ కాలిపర్ ఇంటికి తెచ్చుకోండి. పాత సైకిళ్ల దగ్గర డబ్బు వృథా అయ్యేదంతా అర మిల్లీమీటరు తేడాల దగ్గరే. స్టెమ్ హ్యాండిల్‌ను పట్టుకునే చోట హ్యాండిల్ లావు కొలవండి. ఇంగ్లీషు, జపాన్ సైకిళ్లకు ఎక్కువగా 25.4 మి.మీ. ఉంటుంది, ఇటలీవాటికి 26.0, ఫ్రెంచివాటికి 25.0, ఇప్పటివాటికి 31.8. చూపుకు 25.4కూ 26కూ తేడా తెలియదు. 26 స్టెమ్‌లో 25.4 హ్యాండిల్ పెడితే ఎంత బిగించినా గుంత పడినప్పుడు తిరుగుతుంది. ఫోర్కులోకి దిగే స్టెమ్ కాడ ఇంగ్లీషు సైకిళ్లకు 22.2. లీవర్లు పట్టే చోట డ్రాప్ హ్యాండిల్ 23.8, గ్రిప్పుల హ్యాండిల్ 22.2. అందుకే ఒకదాని లీవరు ఇంకోదానికి పట్టదు. వెర్నియర్ కనీసపు కొలత 0.1 మి.మీ. కాబట్టి ఈ తేడాలన్నీ మీకు చక్కగా దొరుకుతాయి. ప్రతి చోటా మూడుసార్లు కొలిచి సగటు తీయండి, నలభై ఏళ్ల గొట్టం అన్ని వైపులా గుండ్రంగా ఉండదు.

ఇన్ని చెప్పాక నన్ను ఒక్కటి తేల్చమంటే ఇలా చేస్తాను. మొదటి వారం సీటు. రెండో వారం స్టెమ్ గీత దాకా పైకి, లీవర్లు పైకి, లోపల ట్యూబు పొర. సీటూ హ్యాండిలూ ఒకేసారి మార్చితే ఏది పనిచేసిందో తెలియదు, ప్రయోగంలో ఒక రాశినే మారుస్తాం కదా. ఆ తర్వాత రెండు వారాలు మీ పెన్న వంతెన దారిలోనే తొక్కండి. తిమ్మిరి పది కిలోమీటర్ల దగ్గర నుంచి ఇరవైకి జరిగినా మీరు సరైన దారిలోనే ఉన్నట్టు, పొట్టి, ఎత్తు స్టెమ్‌కు డబ్బు పెట్టండి. అంత చేసినా మెడ పట్టేయడం తగ్గకపోతే మొహమాటపడకుండా వెనక్కి తిరిగిన హ్యాండిల్‌కు వెళ్లిపోండి. మామ వస్తువు పాడైనట్టు కాదు. ఫ్రేమును కోయడం లేదు, రంధ్రం చేయడం లేదు. ఆయన హ్యాండిల్‌ను లీవర్లతో సహా విప్పి, సన్నగా నూనె రాసి, పాత పంచె ముక్కలో చుట్టి బీరువా మీద పెట్టండి. ఏ రోజైనా గంటలో తిరిగి బిగించవచ్చు. గెలాక్సీ 1971లో వచ్చింది రోజంతా తొక్కడానికే. అది తిరుగుతుంటే ఆయన సంతోషిస్తాడని నా నమ్మకం.

గండికోట సుమారు 80 కిలోమీటర్లు. ఒక్కరోజులో పోయి రావాలని పెట్టుకోకండి, సాయంత్రానికి కోట చేరి రాత్రి అక్కడే ఉండండి. దానికి ముందు కమలాపురం దాకా రెండుసార్లు పోయి రండి, రానూ పోనూ కలిపి ఇంచుమించు 50 అవుతుంది. వేళ్లు ఆ దూరం తట్టుకుంటే మిగతాది కాళ్ల పని. చీకటితోనే బయల్దేరితే ఎర్రగుంట్లలో టిఫిన్ చేయొచ్చు.

కొలతలు తీశాక హ్యాండిల్ లావు, స్టెమ్ కాడ లావు, స్టెమ్ ముందుకు చాచిన పొడవు, మీ భుజాల వెడల్పు, ఈ నాలుగు అంకెలూ రాసి పంపండి. బ్రేకుల ఫోటో ఒకటి జత చేయండి. ఏ లీవరు పడుతుందో చూసి చెబుతాను.